ఎండా, గాలా? బట్టలు ఆరబెట్టేది ఎవరు?

జూలై నెలలో విశాఖపట్నంలో పొద్దున్నే ఆరేసిన తువ్వాలు సాయంత్రం తీయబోతే ఇంకా చెమ్మగానే ఉంటుంది. డిసెంబరులో హైదరాబాదు డాబా మీద వేసిన అలాంటి తువ్వాలే మధ్యాహ్నం భోజనాల వేళకు పెళపెళలాడుతుంది. థర్మామీటరు చూస్తే విశాఖలోనే వేడి ఎక్కువ. అయినా బట్టలు ముందు ఆరింది చలికాలపు హైదరాబాదులోనే. ఇదెలా?

బడిలో చదువుకున్న పాఠం గుర్తొస్తే ఇంకో సందేహం కూడా పుడుతుంది. నీళ్లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగి ఆవిరవుతాయని కదా చెప్పారు! దండెం మీది బట్ట రోహిణి కార్తె ఎండలో కూడా ఆ దరిదాపులకు పోదు. చెయ్యి వేసి చూస్తే కాలడం మాట అటుంచి, తడి ఉన్నంతసేపూ చల్లగానే తగులుతుంది. మరి అందులో నీళ్లు ఎటు పోయాయి, ఎలా పోయాయి?

రెండు సందేహాలకూ జవాబు ఒక్కచోటే దొరుకుతుంది. బట్టలోంచి నీరు బయటపడాలంటే మూడు కావాలి. బట్టను వదిలించుకోవడానికి వేడి, వెళ్లి చేరడానికి గాలిలో చోటు, అక్కడి నుంచి దాన్ని దూరంగా తీసుకుపోవడానికి గాలి కదలిక. ఎండ నేరుగా ఇచ్చేది మొదటిదాన్నే. తక్కిన రెండూ గాలి చూసుకునేవి. చాలాసార్లు మొదటిదాన్ని కూడా గాలే ఇస్తుంది.

మరగకుండానే ఆవిరి

మరగడమూ ఆవిరవడమూ ఒకటే అనుకోవడంతో తికమక మొదలవుతుంది. నీళ్లు మరిగేటప్పుడు గిన్నె అడుగు నుంచి కూడా ఆవిరి బుడగలు లేస్తాయి. దానికి 100 డిగ్రీల వేడి కావాలి. ఆవిరవడం నీటి పైపొర దగ్గర జరిగే పని. దానికి ఇంత వేడి ఉండాలన్న నియమం లేదు. కడిగిన గచ్చు ఆరినా, వాన వెలిశాక రోడ్డు ఆరినా, ఒంటి మీద చెమట ఆరినా జరిగేది ఇదే.

నీటి అణువులన్నీ ఒకే జోరుతో కదలవు. 30 డిగ్రీల నీటిలో వాటి సగటు వేగం సెకనుకు సుమారు 600 మీటర్లు. అయితే ఏ అణువుకూ ఆ వేగంతో పట్టుమని కాస్త దూరం పోయే వీలుండదు. చుట్టూ కిక్కిరిసిన అణువులు దాన్ని ఢీకొడుతూ, తమవైపు లాక్కుంటూ ఉంటాయి. వీటిలో కొన్ని సగటు కంటే బాగా నెమ్మది, కొన్ని బాగా దూకుడు. దూకుడుగా ఉన్నదేదైనా పైపొరకు చేరి బయటివైపు దూకితే, పక్క అణువుల పట్టు వదిలించుకుని గాలిలోకి వెళ్లిపోతుంది.

వేగంగా ఉన్నవి వెళ్లిపోతే మిగిలేవి నెమ్మదివి. అణువుల జోరు తగ్గడమంటే వేడి తగ్గడమే. అందుకే తడిబట్ట చల్లగా తగులుతుంది, తలస్నానం చేసి పంకా కింద కూర్చుంటే ఒళ్లు జిల్లుమంటుంది, మట్టికుండలో నీళ్లు చల్లబడతాయి.

ఇలా పోయే నీరు తనతో ఎంత వేడిని పట్టుకుపోతుందో మొదట గట్టిగా పట్టించుకున్నవాడు జోసెఫ్ బ్లాక్. 1760ల మొదట్లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ ఆయన దీని మీద ప్రయోగాలు చేశాడు. మరుగుతున్న నీటి కింద ఎంత మంట పెట్టినా థర్మామీటరు పైకి కదలదు. ఇచ్చిన వేడంతా నీటిని ఆవిరిగా మార్చడానికే ఖర్చయిపోతుంది. థర్మామీటరుకు చిక్కని ఈ ఖర్చును దాగిన వేడి అనుకోవచ్చు. పాఠ్యపుస్తకాలు దీన్ని గుప్తోష్ణం అంటాయి. ఇంగ్లీషు మీడియం పిల్లలు లేటెంట్ హీట్ అని చదువుతారు.

ఆ ఖర్చు చిన్నది కాదు. 30 డిగ్రీల దగ్గరున్న లీటరు నీటిని 100 డిగ్రీలకు కాచడానికి పట్టే వేడికి ఎనిమిది రెట్లు, అదే లీటరును ఆవిరిగా మార్చడానికి కావాలి. కరెంటు లెక్కలో చెబితే లీటరుకు దాదాపు మూడింట రెండు వంతుల యూనిట్. ఒక ఇంటి ఉతుకులో మూడు లీటర్ల నీరు ఆరాల్సి ఉంటే, రెండు యూనిట్ల వేడి ఎక్కడినుంచో రావాలి. నడినెత్తి ఎండ చదరపు మీటరుకు సుమారు వెయ్యి వాట్ల చొప్పున దాన్ని కుమ్మరిస్తుంది. ఎండ లేనిచోట చుట్టూ ఉన్న గాలి తన వేడిలోంచి ఇస్తుంది. బట్టను తాకి పోయే గాలి అందుకే కొంచెం చల్లబడి పోతుంది.

పిండడం ఎందుకంత ముఖ్యమో కూడా ఈ లెక్కలోనే ఉంది. చేత్తో పిండిన నూలు బట్టలో దాదాపు దాని బరువంత నీరు మిగిలిపోవడం మామూలే. వాషింగ్ మెషీన్ డ్రమ్ము నిమిషానికి 1200 చుట్లు తిరిగితే, లోపలి గోడకు అతుక్కున్న బట్ట మీద భూమ్యాకర్షణకు దాదాపు 390 రెట్ల లాగుడు పడుతుంది. సగానికి సగం నీరు అక్కడే చిమ్ముకుపోతుంది. నీటిని నీటిగానే బయటికి నెట్టడానికి పట్టే శక్తి, ఆవిరి చేయడానికి పట్టే దాంట్లో చిన్న పాలు. ఇద్దరు చెరో కొసా పట్టుకుని దుప్పటిని మెలిపెట్టి పిండే అలవాటు వెనక ఉన్న పొదుపు ఇదే.

గాలిలో ఎన్ని సీట్లు ఖాళీ?

నీరు బట్టను వదిలితే సరిపోదు, దానికి గాలిలో చోటు దొరకాలి. ఆర్టీసీ బస్సును తలచుకుంటే ఇది తేలిగ్గా పట్టుబడుతుంది. ఒక ఘనమీటరు గాలి ఒక బస్సు. ఒక గ్రాము నీటి ఆవిరికి ఒక సీటు. సీట్లెన్ని అన్నది గాలి వేడిని బట్టి మారుతుంది. 20 డిగ్రీల దగ్గర 17 సీట్లుంటే, 30 డిగ్రీల దగ్గర 30, 40 డిగ్రీల దగ్గర 51. వాతావరణ వార్తల్లో తేమ 85 శాతం అని చెప్పారంటే నూటికి 85 సీట్లు అప్పటికే నిండాయని అర్థం.

ఇక రెండు ఊళ్ల లెక్క చూడవచ్చు. జూలైలో విశాఖలో 30 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్న రోజున 30 సీట్లలో ఖాళీగా ఉన్నవి నాలుగున్నర. డిసెంబరు మధ్యాహ్నం హైదరాబాదులో 28 డిగ్రీలు, 40 శాతం తేమ ఉంటే 27 సీట్ల బస్సు వస్తుంది, అందులో 16 ఖాళీ. వేడి రెండు డిగ్రీలు తక్కువైనా చోటు మూడున్నర రెట్లు ఎక్కువ. మే నెలలో పల్నాడులోని రెంటచింతలలోనో, గోదావరి ఒడ్డున రామగుండంలోనో 42 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న రోజున 56 సీట్ల బస్సులో 45 ఖాళీగా వస్తాయి. వడగాలిలో ఆరేసిన పంచె, పక్క దండెం మీద ఇంకోటి ఆరేసేలోపు ఆరినట్టే ఉంటుంది.

బస్సు లెక్కకు ఒక చిన్న సవరణ కావాలి. ఎక్కేవాళ్లతో పాటు దిగేవాళ్లూ ఉంటారు. గాలిలో ఉన్న నీటి అణువుల్లో కొన్ని ఎప్పుడూ తిరిగి బట్ట మీద వచ్చి పడుతూనే ఉంటాయి. ఎక్కేవాళ్లు ఎక్కువైతే బట్ట ఆరుతుంది. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ సమానమైన చోట ఆరడం ఆగిపోతుంది. దిగేవాళ్లు ఎక్కువైతే ఆరిన బట్ట మళ్లీ తడుస్తుంది. చలికాలం రాత్రి డాబా మీద మరిచిపోయిన బట్టలు తెల్లారేసరికి చెమ్మగిల్లేది ఇందుకే. మబ్బులేని ఆకాశం కింద బట్ట తన వేడిని పైకి వెదజల్లుకుని చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది, దాని మీద మంచు కురుస్తుంది. పొద్దువాలకముందే బట్టలు లోపలికి తెచ్చుకోమనే పెద్దవాళ్ల మాటలో పస ఉంది.

ఎక్కే జోరు, దిగే జోరు అనే ఈ తేడా మీదే ఆరుదల వేగం ఆధారపడుతుందని ఇంగ్లండులో జాన్ డాల్టన్ 1802లో ప్రచురించాడు. నీటి పైపొర దగ్గరి ఆవిరి ఒత్తిడికీ, గాలిలో ముందే ఉన్న ఆవిరి ఒత్తిడికీ మధ్య అంతరం ఎంత ఎక్కువైతే నీరు అంత త్వరగా ఆవిరవుతుంది, గాలి వీస్తే ఇంకా త్వరగా పోతుంది. జలాశయాల్లో ఎంత నీరు ఆవిరైపోతోందో అంచనా కట్టే సూత్రాలకు ఈనాటికీ పునాది ఇదే.

ఈ అంతరాన్ని కొలవడానికి వాతావరణ కేంద్రాలు వాడే సాధనంలో నిజంగానే ఒక తడిగుడ్డ ఉంది. తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలో రెండు థర్మామీటర్లు పక్కపక్కన ఉంటాయి. ఒకదాని బుడ్డి పొడిగా ఉంటుంది. రెండోదాని బుడ్డికి సన్నని మస్లిన్ గుడ్డ చుట్టి, ఆ గుడ్డ కొసను నీళ్లలో ఉంచుతారు. గాలి పొడిగా ఉంటే గుడ్డలోని నీరు జోరుగా ఆవిరై రెండో థర్మామీటరు బాగా దిగుతుంది. రెంటచింతల ఉదాహరణలో పొడిది 42 చూపిస్తే తడిది 24 దగ్గర ఆగుతుంది. విశాఖ ఉదాహరణలో పొడిది 30, తడిది 28. నీడలో ఆరేసిన తడిబట్ట దాదాపు ఈ రెండో వేడి దగ్గరే ఉంటుంది. బట్టకూ గాలికీ మధ్య 18 డిగ్రీల తేడా ఉన్నచోట గాలి నుంచి బట్టకు వేడి ప్రవహిస్తుంది. రెండు డిగ్రీల తేడా ఉన్నచోట ఆ వేడి ఈసురోమంటూ వస్తుంది. తెలంగాణలో వేసవి గండం గట్టెక్కించే ఎయిర్ కూలరు సముద్రతీరంలో ఉక్కపోతను ఇంకా పెంచేదీ ఈ తేడా లేకపోవడం వల్లే.

గడ్డకట్టే చలిలో కూడా బట్టలు ఆరతాయంటే నమ్మబుద్ధి కాదు. లద్దాఖ్‌లో శీతాకాలం ఆరేసిన చొక్కా కాసేపటికే అట్టముక్కై పోతుంది, చేతులు ముడవబోతే మంచు పగిలిన చప్పుడు వస్తుంది. ఆ మంచు కరగకుండానే నేరుగా ఆవిరై గాలిలో కలుస్తుంది. బీరువాలో పెట్టిన కలరా ఉండలు నీరు కాకుండానే అరిగిపోయేది కూడా ఈ దారిలోనే. లద్దాఖ్ గాలి చలిదైనా బాగా పొడిది కాబట్టి రోజూ కాస్త కాస్తగా పని జరుగుతుంది.

కదలని గాలి పొర

ఊరంతా పొడిగాలి ఉన్నా, బట్టను అంటిపెట్టుకున్న గాలి పొడిగా ఉండకపోవచ్చు. తడిబట్ట ఒంటికి కొన్ని మిల్లీమీటర్ల మందాన దాదాపు కదలకుండా ఒక గాలి పొర పట్టి ఉంటుంది. బట్టలోంచి వచ్చిన ఆవిరి ముందుగా దీన్ని నింపుతుంది. ఆ తర్వాత బయటపడే ప్రతి అణువూ ఈ పొరను ఈదుకుంటూ దాటాలి. గాలి వీచినప్పుడు ఈ పొర పలచబడుతుంది, జోరుగా వీస్తే చెదిరిపోతుంది. నిండిన బస్సు స్టాపులోనే నిలబడిపోకుండా కదిలి, వెనకే ఖాళీ బస్సు రావడమన్నమాట. బట్ట రెపరెపలాడుతుంటే ఇంకా మంచిది, ఆ కుదుపులకు పొర నిలదొక్కుకోలేదు.

దండెం మీద బట్టలు ఒకదానికొకటి ఒరుసుకునేలా వేస్తే రెండిటి మధ్యా చిక్కిన గాలి కొద్దిసేపట్లోనే ఆవిరితో నిండిపోయి అక్కడే ఉండిపోతుంది. జానెడు ఎడం ఇచ్చి వేసిన నాలుగు చొక్కాలు, ఇరికించి వేసిన ఎనిమిది చొక్కాల కంటే ఎంతో ముందు ఆరతాయి. చీరను రెండు మడతలుగా వేస్తే లోపలి ముఖాలకు గాలి తగలదు. రెండు దండేలు పక్కపక్కన ఉంటే ఒక అంచు ఒకదాని మీద, రెండో అంచు ఇంకోదాని మీద వేసి మధ్యలో గాలి ఆడనివ్వడం మేలు.

బట్టలుతకడమే వృత్తిగా బతికేవాళ్లకు ఈ సంగతులన్నీ చేతివాటంలోనే ఉంటాయి. ముంబయిలో మహాలక్ష్మి స్టేషన్ పక్కనున్న ధోబీఘాట్‌లో గానీ, తమిళనాడు నుంచి తరాల కిందట వచ్చిన వణ్ణార్ కుటుంబాలు నడిపే ఫోర్ట్ కొచ్చి ధోబీఖానాలో గానీ బట్టలకు క్లిప్పులు కనబడవు. అక్కడి దండెం రెండు తాళ్లను గట్టిగా మెలివేసి కట్టింది. మెలికల మధ్య సందును బొటనవేలితో విడదీసి చొక్కా కొసను దూర్చి వదిలితే, తాడు బిగువు దాన్ని పట్టుకుంటుంది. బట్ట తాడు మీద మడత పడి కూర్చోదు, ఒక్క అంచు పట్టుతో వేలాడుతుంది. రెండు ముఖాలకూ గాలి, తాడు దగ్గర రెట్టింపు మందం లేదు, క్లిప్పు మరక లేదు, గాలిదుమారం వచ్చినా బట్ట ఎగిరిపోదు.

ఇంటి లోపల ఆరేసేటప్పుడు ఇంకో ఇబ్బంది ఉంది. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలో దాదాపు 34 ఘనమీటర్ల గాలి పడుతుంది. వానాకాలం 28 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉంటే ఆ గాలంతా కలిపి ఇంకా పట్టుకోగలిగింది సుమారు 280 గ్రాముల నీరు, ఒక పెద్ద గ్లాసుడు. స్టాండు మీద ఆరేసిన బట్టల్లో ఉన్నది రెండు మూడు లీటర్లు. తలుపులు, కిటికీలు బిగించి పంకా ఎంత వేగంగా తిప్పినా అది తిప్పేది ఆ నిండిన గాలినే. కిటికీ ఒకటి తెరిచి, ఎదురుగా ఇంకో దారి ఇచ్చి, అప్పుడు పంకా వేస్తే పని సాగుతుంది. లేకపోతే ఆ నీరు గోడలకెక్కి బూజుకు మేతవుతుంది.

ఏసీ గదిలో బట్టలు ఆరడం చాలామందికి వింతగా తోస్తుంది. చల్లటి గదిలో ఎలా ఆరాయి? ఏసీ లోపలి చల్లని గొట్టాల మీద గదిలోని ఆవిరి నీరై, పైపు గుండా బయటికి కారిపోతుంది. గాలిలో సీట్లు అలా ఖాళీ అవుతూ ఉంటాయి. బయట బకెట్టులో చుక్కలు చుక్కలుగా పడే ఆ నీటిలో కొంత తడిబట్టల్లోనిదే.

విదేశాల్లో తెలుగు కుటుంబాలు వాడే బట్టలారబెట్టే యంత్రాలు కూడా ఈ మూడు పనులనే కరెంటుతో చేస్తాయి. గాలిని వేడి చేసి సీట్లు పెంచుతాయి, డ్రమ్మును తిప్పి గాలి పొరను చెదరగొడతాయి, నిండిన గాలిని గొట్టం గుండా బయటికి నెడతాయి. ఒక విడతకు రెండు నుంచి నాలుగు యూనిట్లు ఖర్చవుతాయి, యంత్రం జల్లెడలో పేరుకునే నూగంతా బట్టలోంచి రాలిన పోగే. అమెరికాలో చాలా కాలనీల సంఘాలు ఇళ్లముందు దండేలు కట్టడాన్ని చూడ్డానికి బాగోదని నిషేధించాయి. ఫ్లోరిడా, వెర్మాంట్ వంటి రాష్ట్రాలు అలాంటి నిషేధాలు చెల్లకుండా చట్టాలు చేయాల్సి వచ్చింది. వెర్మాంట్ చట్టం 2009 నాటిది.

నడుము పట్టీ దగ్గర చివరి తడి

దండెం మీది జీన్సు ప్యాంటును గంటకోసారి పరీక్షగా చూస్తే ఆరుదల ఏ దారిన నడుస్తుందో కనిపిస్తుంది. మొదట కాళ్ల చివర నీళ్లు బొట్లుబొట్లుగా కారతాయి. కాసేపటికి బొట్లు ఆగినా అక్కడ ముదురురంగు అలాగే ఉంటుంది. కిందికి లాగే బరువుకూ, పోగుల సందుల్లో నీటిని పట్టి ఉంచే శక్తికీ సరిసమానమైందన్నమాట. ఆ తర్వాత తొడల దగ్గరి పలచని చోట్ల లేతరంగు మరకలు పుట్టి నాలుగువైపులా వ్యాపిస్తాయి. చివరికి నడుము పట్టీ, జేబుల అంచులు, కాళ్ల మధ్య కుట్టు కలిసే చోటు మాత్రం నల్లగా మిగులుతాయి. నాలుగైదు మడతల బట్ట ఒకదాని మీద ఒకటి కుట్టిన చోట్లవి. లోపలి నీరు బయటికి రావడానికి దూరం ఎక్కువ. ప్యాంటును తిరగేసి, జేబులు బయటికి లాగి వేస్తే ఆ చోట్లకే ముందు గాలి తగులుతుంది.

ఆరుదలలో రెండు దశలున్నాయి. మొదటి దశలో పోగుల మీద, సందుల్లో ఉన్న నీరు పోతుంది. బయటి వాతావరణం మారనంతవరకూ ఇది ఒకే వేగంతో సాగుతుంది. రెండో దశలో పోగు లోపలికి ఇంకిన నీరు బయటపడాలి, ఇక్కడ వేగం పడిపోతుంది. నూలు పోగంటే దాదాపు అంతా సెల్యులోజ్. దానికి నీటి అణువులను పట్టుకునే కొక్కేలు చాలా ఉన్నాయి. 20 డిగ్రీల వేడి, 65 శాతం తేమ ఉన్న గాలిలో పూర్తిగా ఆరిందనుకున్న నూలు బట్టలో కూడా దాని బరువులో 8 శాతం దాకా నీరు ఉంటుంది. పట్టులో 11 శాతం, ఉన్నిలో 16 శాతం. పాలిస్టర్‌లో అర శాతం కూడా ఉండదు. పాలిస్టర్ చీర జాడించి వేసిన గంటలో కట్టుకునేలా ఆరడం, అదే నేత చీరకు పూటంతా పట్టడం ఈ అంకెల్లోనే ఉంది.

వానాకాలం ఆరిన బట్టను చెంపకు ఆనించి, ఇంకా తడేమోనని అనుమానపడటం ప్రతి ఇంట్లోనూ జరిగేదే. ఆ అనుమానానికి కారణం మనిషి చర్మంలోనే ఉంది. చల్లదనాన్ని గుర్తించే నాడులు, తాకిడిని గుర్తించే నాడులు మనిషికి ఉన్నాయి గానీ తడిని గుర్తించే నాడులంటూ విడిగా లేవు. చల్లదనం, మెత్తని ఒత్తుడు కలిసి వస్తే మెదడు దాన్ని తడి అని తేల్చేస్తుంది. చల్లటి సాయంత్రం బాగా ఆరిన చొక్కా కూడా తడిగా తోచవచ్చు. ఎండలోంచి తీసిన దుప్పటి వేడి వల్ల, లోపలి మడతల్లో తడి ఉన్నా ఆరినట్టే మోసం చేయవచ్చు.

దండెం మీద ఆరిన తువ్వాలు గరుకుగా, బిర్రుగా ఎందుకు తయారవుతుందో కూడా పోగు లోపలి నీరే చెబుతుంది. ఈ బిరుసును చాలాకాలం బోరు నీళ్లలోని సున్నానికీ, సబ్బు మడ్డికీ అంటగట్టారు. వాటి పాత్ర కొంత ఉన్నా, కథ అంతటితో అయిపోలేదు. జపాన్‌లోని కావో కంపెనీ, హొక్కైడో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో ప్రచురించిన ప్రయోగాల్లో, నూలు పోగుల ఉపరితలం మీద మామూలు నీటికి భిన్నంగా ప్రవర్తించే నీటి పొర ఒకటి కనిపించింది. పోగును గట్టిగా అంటిపెట్టుకుని ఉండే ఈ నీరు పక్కపక్క పోగులను ఒకదానికొకటి అతికిస్తుంది. తువ్వాలును రెండు మూడుసార్లు విదిలించి, చేతులతో నలిపితే ఆ అతుకులు ఊడిపోయి మళ్లీ మెత్తబడుతుంది. గాలికి రెపరెపలాడుతూ ఆరినది, నిలకడగా వేలాడి ఆరినదాని కంటే మెత్తగా ఉండటానికీ, యంత్రంలో దొర్లుతూ ఆరినది ఇంకా మెత్తగా ఉండటానికీ కారణం ఇదే.

ముసురు రోజుల ముక్క వాసన

మూడురోజుల ముసురులో వరండాలో ఆరిన బట్టలకు పట్టే ముక్క వాసన నీటిది కాదు, బతికున్నవాటిది. ఉతికినా పోగుల్లో కొన్ని సూక్ష్మజీవులు మిగులుతాయి, వాటికి మేతగా చెమట జిడ్డు కూడా కాస్త మిగులుతుంది. బట్ట తడిగా ఉన్నంతసేపూ వాటికి పండగే. కావో పరిశోధకులే 2012లో ఈ వాసనకు ముఖ్య కారకురాలిని పట్టుకున్నారు, మోరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అనే బాక్టీరియా. అది జిడ్డును విరగ్గొట్టి 4-మిథైల్-3-హెక్సీనోయిక్ ఆమ్లం అనే పదార్థాన్ని వదులుతుంది. మనిషి ముక్కు దాన్ని చాలా కొద్దిపాటి మోతాదులోనే పసిగడుతుంది.

ఈ జీవి మొండిది. బట్ట ఆరిపోయినా చావకుండా ఓర్చుకుంటుంది, ఎండలోని అతినీలలోహిత కిరణాలను కూడా తట్టుకోగలదు. పొడిగా ఉన్నప్పుడు వాసన లేని చొక్కా, వేసుకున్నాక చెమట పట్టగానే మళ్లీ వాసన కొట్టడం దాని పనే. సెంటు కొట్టినా, మళ్లీ చన్నీళ్లలో జాడించినా ఫలితం అంతంతమాత్రం. వేడినీళ్లలో నానబెట్టి ఉతకడం, గట్టిగా పిండడం, ఆపైన తడి ఉండే గంటలను తగ్గించడం పనికొస్తాయి. వానాకాలం బకెట్టులో పిండిన బట్టలను సాయంత్రం వేద్దాంలే అని వదిలేస్తే, దండెం ఎక్కకముందే వాసన మొదలవుతుంది. కొద్దిపాటి చెమ్మ ఉన్న బట్టను ఇస్త్రీ చేస్తే రెండో దశలో పోవలసిన మొండి నీరు ఆ వేడికి నిమిషాల్లో పోతుంది.

ఎండ చేసే వేరే పని

ఆరబెట్టడం వరకూ పొడిగాలి చాలు. మరి ఎండలో ఆరిన దుప్పటికి ఉండే ఆ కమ్మటి వాసన నీడలో ఆరినదానికి ఎందుకుండదు? కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ ప్రశ్ననే తీసుకుని, ఫలితాలను 2020లో ప్రచురించారు. ఉతికిన తువ్వాళ్లను చీకటి గదిలో కొన్ని, బాల్కనీ నీడలో కొన్ని, బాల్కనీ ఎండలో కొన్ని ఆరేసి, వాటిలోంచి వచ్చే ఆవిర్లను పట్టి చూశారు. ఎండలో ఆరినవాటిలో మాత్రం ఆల్డిహైడ్లు, కీటోన్లు అనే పదార్థాలు దొరికాయి. ఏలకుల్లో ఉండే పెంటనాల్, నిమ్మజాతి పండ్ల వాసననిచ్చే ఆక్టనాల్, గులాబీ ఛాయ ఉన్న నోనానాల్ వాటిలో ఉన్నాయి. తడిబట్ట మీద ఎండ పడినప్పుడు జరిగే రసాయన చర్యల్లో ఇవి పుడతాయి. ఎండతో పాటు తడి కూడా అక్కడ ఉండాలి.

ఎండా తడీ కలిస్తే ఏమవుతుందో అద్దకపువాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. కలంకారీ పద్ధతిలో ముతక బట్టను తెల్లబరచడానికి పేడ కలిపిన నీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండలో పరిచి, ఆరిపోకుండా మధ్యమధ్య నీళ్లు చిలకరిస్తూ ఉంటారు. బట్టకు రంగునిచ్చే అణువులు ఆ తడిలో, ఆ వెలుతురులో మెల్లగా విరిగిపోతాయి. ఇంట్లో అందరికీ తెలిసిన ఉదాహరణ పసుపు మరక. పప్పు పడిన తెల్ల పంచెకు సబ్బు రుద్దగానే మరక ఎర్రబడి భయపెడుతుంది. పసుపులోని కర్కుమిన్ సబ్బు క్షారానికి రంగు మార్చుకోవడమే అది. జాడిస్తే ఎరుపు పోయి మళ్లీ పసుపే మిగులుతుంది. ఆ పంచెను తడిగానే ఎండలో ఆరేస్తే, బ్రష్షుకు లొంగని మరక సాయంత్రానికి వెలిసిపోతుంది. కర్కుమిన్ వెలుతురుకు తాళలేదు.

మరకను విరగ్గొట్టే వెలుతురు రంగునూ వదలదు. మండుటెండలో నెలల తరబడి ఆరిన ముదురురంగు చొక్కా భుజాల దగ్గర ముందుగా వెలిసేది అందుకే, రంగుబట్టలు తిరగేసి ఆరేయమనేదీ అందుకే. పట్టుకు ఇంకో బెడద ఉంది. అతినీలలోహిత కిరణాలు రంగుతో ఆగకుండా పట్టుపోగు మీదే దెబ్బతీస్తాయి, అది పసుపుబారి బలం తగ్గిపోతుంది. ధర్మవరం చీరైనా, పోచంపల్లి చీరైనా నీడపట్టునే ఆరాలి. దానివల్ల పెద్ద ఆలస్యమేమీ ఉండదు. పట్టుచీర పలచన. తువ్వాలుతో అద్ది నీరు తీసేసి, ఎదురుబొదురు కిటికీలున్న గదిలో ఒంటి పొరగా వేలాడదీస్తే, నలభై శాతం తేమ ఉన్న డిసెంబరు గాలిలో ఘనమీటరుకు 16 గ్రాముల చోటు నీడలో కూడా అలాగే ఉంటుంది.